ఇరవై రెండు అని రాసిన రోజు

ఈ మధ్య ఒక సున్నపురాయి క్వారీలో కొత్తగా చేరిన ఇద్దరు కుర్ర ఇంజనీర్లు ఎవరో చెబితే నన్ను చూడటానికి వచ్చారు. పాతకాలం పద్ధతులు తెలుసుకోవాలట. టీ తాగుతూ వాళ్లే నాకు కొత్త పద్ధతులు చెప్పారు. దూరంగా నిలబడి మీట నొక్కుతారట, వరస ప్రకారం అదే పేల్చుకుంటూ పోతుందట. "మీ రోజుల్లో అన్నీ పేలాయో లేదో ఎలా తెలిసేది సార్?" అని అడిగారు. "చెవులతో" అన్నాను. నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్లు వెళ్లిపోయాక కాగితాలు తీసుకుని కూర్చున్నాను. వాళ్లకు నేను చెప్పింది సగం జవాబే. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. వాళ్ల కంటబడితే చదువుకుంటారు.

నాది మాచర్ల. మా నాన్న పంపుసెట్లు బాగుచేసేవాడు. నేను బావుల్లో రాయి పేల్చేవాళ్ల వెంట తిరిగి ఆ పని నేర్చుకుని, పరీక్ష రాసి బ్లాస్టర్ సర్టిఫికెట్ సంపాదించాను. చివరి పన్నెండేళ్లు దాచేపల్లి దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ క్వారీలో ఫోర్‌మన్‌గా చేశాను. ఫ్యాక్టరీ పేరు రాయను, మనుషుల పేర్లూ రాయను. పేర్లు రాయడం మొదలుపెడితే ముందు రాయాల్సింది నా పేరు. దానికి ఈ వయసులో కూడా నాకు చెయ్యి ఆడటం లేదు.

ఎనభైల మొదట్లో ఒకరోజు క్వారీ మేనేజరు నన్ను పిలిపించాడు. భూటాన్ నుంచి నలుగురు మనుషులు వస్తున్నారు, రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందం అన్నాడు. వాళ్ల దేశంలో మన దేశం సాయంతో సిమెంటు పని మొదలవుతోందట. ముగ్గురు లోపల యంత్రాల మీద నేర్చుకుంటారు, ఒకడు క్వారీలో నేర్చుకోవాలి. "నీకు హిందీ వచ్చు కదా, క్వారీవాణ్ణి నీకే అప్పగిస్తున్నా. ఎనిమిది నెలల్లో వాణ్ణి బ్లాస్టర్‌ని చెయ్యాలి" అన్నాడు. నాకు వచ్చింది మాచర్ల ఉర్దూ, చిన్నప్పుడు పాసైన రెండు హిందీ పరీక్షలు. అయినా క్వారీ మొత్తానికి హిందీ పండితుణ్ణి నేనే కాబట్టి కాలర్ సర్దుకుని సరేనన్నాను.

వచ్చినవాడికి ఇరవై ఏడేళ్లు. పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. పెళ్లయింది, ఏడాది పిల్ల ఉంది. వాళ్ల బడిలో మొదట్లో చదువంతా హిందీలోనే చెప్పేవారట, నాకంటే వాడి హిందీయే శుభ్రంగా ఉండేది. మొదటిరోజే వంగి రెండు చేతులూ చాచి నాకు దణ్ణం పెట్టి "ఉస్తాద్" అన్నాడు. నా జన్మలో ఎవరూ నన్ను అలా పిలవలేదు. నాకు ఆ పిలుపు తలకెక్కింది. ఇప్పుడు ఆలోచిస్తే మొదటి తప్పు అక్కడే జరిగిందనిపిస్తుంది.

మా క్వారీవాళ్లకు మాత్రం అతను గూర్ఖానే. కొండదేశం మొహం అంటే వాళ్లకు తెలిసింది నరసరావుపేటలో షాపుల ముందు కర్ర పట్టుకు తిరిగే గూర్ఖా ఒక్కడే. పాపం ఓపిగ్గా "గూర్ఖా కాదు, భూటాన్" అని చెప్పేవాడు. అందరికంటే ఎక్కువ ఏడిపించింది మా డ్రిల్లరు. జాక్‌హ్యామర్‌తో రాతికి రంధ్రాలు వేయడంలో వాణ్ణి మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. క్వారీ పక్క పల్లెవాడే, మనిషి తాటిచెట్టంత ఉండేవాడు.

"ఒరేయ్ గూర్ఖా, ఇటు రారా" అనేవాడు.

"గూర్ఖా కాదు, అన్నా."

"ఏ ఊరైతే ఏందిరా, కొండ దిగొచ్చావు గదా. ఇదో ఈ మిషను పట్టుకో. నీ ఎముకలన్నీ యాడున్నయ్యో నీకే తెలిసిద్ది."

జాక్‌హ్యామర్ పట్టుకుంటే ఒళ్లంతా ఊగిపోయేది. డ్రిల్లరు పడీపడీ నవ్వేవాడు. నెల తిరక్కుండా ఇద్దరూ ఒకే బీడీకట్ట పంచుకునేదాకా వచ్చారు. ఏ భాషలో మాట్లాడుకునేవాళ్లో నాకు ఇప్పటికీ తెలియదు.

ఒక ఆదివారం డ్రిల్లరు మా ఇద్దరినీ భోజనానికి పిలిచాడు. వాళ్లు చర్చికి వెళ్లొచ్చి వంట చేశారు. డ్రిల్లరు భార్య కూలికి వెళ్లే మనిషి, మాట గట్టిది, చెయ్యి మంచిది. పండుమిరపకాయ పచ్చడి కంచంలో పెట్టబోయి ఆగి, నా వైపు చూసి, "ఈ పిల్లోడు తట్టుకుంటాడా అన్నా? మజ్జిగ దగ్గర పెట్టుకుంటా" అంది. అతను పచ్చడి ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఇంకొంచెం కావాలని చెయ్యి చాపాడు. తర్వాత ఇంకొంచెం. వాళ్ల దేశంలో మిరపకాయల్నే కూరగా వండుకుంటారని నేను చెబితే ఆమె నోటి మీద చెయ్యి వేసుకుంది. "ఇన్నాళ్లకి మా పచ్చడికి మొగుడొచ్చాడు" అని పగలబడి నవ్వింది. ఆ రోజు నుంచి అతను ఆమెకు తమ్ముడు. డ్రిల్లరు తెచ్చుకునే సద్దిలో ఒక ముద్ద అతని కోసం వేరేగా వచ్చేది.

అతనికి ఆ సర్టిఫికెట్ ఎంత ముఖ్యమో నాకు బాగా తెలుసు. ఒకసారి ఖాళీ పేలుడుమందు పెట్టెల మీద కూర్చుని చెప్పాడు. వాళ్ల దేశంలో రాయి పేల్చే పని చేసేవాళ్లంతా అప్పటికి మనదేశం నుంచి కాంట్రాక్టు మీద వెళ్లినవాళ్లేనట. "మా క్వారీలో మా మనిషి పేల్చడం నాతో మొదలవుతుంది ఉస్తాద్. మా నాన్న ఊరందరికీ చెప్పుకున్నాడు" అన్నాడు. ఎనిమిది నెలల చివర నేను సంతకం పెడితే ఆ ఉద్యోగం అతనిది. పెట్టకపోతే తిరిగి పొలానికి.

ఇక్కడ పని గురించి నాలుగు మాటలు చెప్పాలి. రాతిలో వేసిన రంధ్రాల్లో తూటాలు కూరి, ఒక్కోదానికీ వత్తి వదులుతాం. సైరన్ మోగించి అందర్నీ దూరంగా పంపి, వత్తులు వరసగా అంటించి మేమూ వెళ్లి గోడ చాటున నిలబడతాం. అప్పుడు పేలుళ్లు లెక్కపెట్టాలి. అంటించినవాడు ఒకడు, పక్కన ఇంకొకడు, ఎవరి లెక్క వాళ్లు మనసులో పెట్టుకోవాలి. చివర్న ఇద్దరూ చెప్పి, రిజిస్టరులో పక్కపక్కన రాసి సంతకాలు చెయ్యాలి. ఇద్దరి లెక్కా కలవకపోయినా, పెట్టిన రంధ్రాల కంటే ఒక్క పేలుడు తగ్గినా, అరగంట దాకా ఎవరూ అటు కాలు పెట్టకూడదు. ఆ తర్వాత బ్లాస్టర్ తాను ముందు వెళ్లి, పేలకుండా మిగిలింది ఏదైనా ఉందేమో వంగి, తడిమి చూసి, అప్పుడు రెండో సైరన్ మోగించి మనుషుల్ని వదలాలి. ఇదంతా నేనే అతనికి మొదటివారంలో వల్లెవేయించాను. అతను చిన్న నోటుబుక్కులో రాసుకున్నాడు.

నేర్పినంత బాగా పాటించానా అంటే, లేదు. తరచుగా రెండు రంధ్రాలు ఒకేసారి పేలి ఒక్క చప్పుడుగా వినిపిస్తాయి. అలాంటప్పుడల్లా అరగంట కూర్చుంటే పని ఎప్పుడవుతుంది? చాలాకాలం చేసినవాడికి జంట పేలుడు చెవికి తెలుస్తుందని మా బ్లాస్టర్లందరికీ ఒక నమ్మకం. నిజంగా తెలుస్తుంది కూడా, విన్నప్పుడు.

ఏడో నెల నడుస్తోంది. ఇంకో ఆరు వారాల్లో అతను వెళ్లిపోతాడనగా, రెండు దేశాల అధికారులు శిక్షణ చూడటానికి వస్తున్నారని కబురొచ్చింది. మర్నాడే. వాళ్ల ముందు ఇతని చేతే ఒక వరస పేల్పించి చూపించాలని మేనేజరు ముచ్చటపడ్డాడు. ఆ బెంచీ మీద, అంటే క్వారీలో మెట్టులా చెక్కిన చోట, ఉన్న రాయి ఇవాళే పేల్చి, ఎత్తించి, సాయంత్రానికి రేపటి రంధ్రాలు వేయించి పెట్టమన్నాడు. రెండు రోజుల పని ఒక్క రోజులో.

మధ్యాహ్నం ఒంటిగంటకు వత్తులు అంటించాం. ఇరవై రెండు రంధ్రాలు. నేనూ అతనూ గోడ చాటున నిలబడ్డాం. పేలుళ్లు మొదలయ్యాయి. పన్నెండో పదమూడో అయ్యాక, హద్దుగా ఎర్రజెండా పాతిన దగ్గర జీపు హారన్ వినిపించింది. చూస్తే మేనేజరు జీపు. జెండా దాటి లోపలికి వచ్చేస్తున్నాడేమోనని భయపడ్డాను. గోడ చాటు నుంచే చెయ్యి ఊపాను, ఆగమని అరిచాను. జీపు ఆగింది. నేను మళ్లీ క్వారీ వైపు తిరిగేసరికి ఆఖరి చప్పుళ్లు వినపడుతున్నాయి. నా లెక్క పోయింది.

ఆ ముక్క అప్పుడే ఒప్పుకుని ఉంటే నేను ఈ కాగితాలు ఖరాబు చేయాల్సిన పని ఉండేది కాదు.

"ఎన్ని?" అని అడిగాను.

"ఇరవై ఒకటి, ఉస్తాద్."

"రెండు కలిసి పేలాయి. నేను విన్నాను" అన్నాను. నేను ఏమీ వినలేదు.

అతను మెల్లగా, "నాకు అన్నీ విడివిడిగానే వినిపించాయి" అన్నాడు.

అప్పటికే జీపు దిగిన మేనేజరు ఇటే వస్తున్నాడు. డ్రిల్లరూ వాళ్లూ సైరన్ కోసం చూస్తున్నారు. నాకు ఎక్కడలేని రోషం వచ్చింది. "ఇక్కడ ఉస్తాద్ ఎవరు?" అన్నాను.

అతను తల దించుకున్నాడు. వాళ్లలో గురువు మాటకు ఎదురు చెప్పడమంటే మొహాన కొట్టినంత పని. నాకది తెలుసు. తెలిసే ఆ మాట అన్నాను. రిజిస్టరు తీసి ఇరవై రెండు అని రాసి సంతకం పెట్టాను. అతని వైపు జరిపాను. అతను కలం పట్టుకుని కాసేపు ఆ గడి వైపు చూశాడు. తర్వాత ఇరవై రెండు అని రాసి సంతకం చేశాడు.

సైరన్ మోగించాను. ముందు వెళ్లి చూడాల్సింది నేను. మేనేజరు రేపటి ఏర్పాట్లేవో చెబుతుంటే పైనుంచే ఒక చూపు చూసి, "కానీండి" అని చెయ్యి ఊపాను. రాయి ఎత్తేవాళ్లు కొంత చోటు ఖాళీ చేసేసరికి డ్రిల్లరు మిషను భుజాన వేసుకుని వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ ఇతనితో, "రేపు దొరలొచ్చిందాకా తలదువ్వుకుని ఉండరా గూర్ఖా" అన్నాడు. నేను విన్న ఆఖరి మాట అది. పేలకుండా మిగిలిన మందు రాళ్లపొడి కింద ఉంది. వాడు మిషను సరిగ్గా దాని మీద పెట్టాడు.

ఇరవై రెండో పేలుడు అప్పుడు వినిపించింది.

ఆ తర్వాత అక్కడ చూసినది రాయను. అతను నాకంటే ముందు పరుగెత్తాడు. పొగలో మోకాళ్ల మీద కూర్చుని డ్రిల్లరు తల ఒళ్లో పెట్టుకుని వాళ్ల భాషలో ఏదో అంటూనే ఉన్నాడు. నేను వెళ్లి నిలబడ్డాను, అంతే. ఊళ్లోంచి డ్రిల్లరు భార్య పరుగెత్తుకొచ్చేసరికి మనిషి మీద గోనెపట్టా కప్పి ఉంది.

అధికారుల రాక ఆగిపోయింది. గనుల తనిఖీ అధికారి విచారణకు వస్తున్నాడని తెలిసిన సాయంత్రం మేనేజరు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"రిజిస్టరు చూశా. రెండు సంతకాలున్నాయి" అన్నాడు. "తప్పు నీ మీద వేసుకుంటే ఏమైద్దో తెలుసా? నీ సర్టిఫికెట్ పోద్ది. కేసయితే గురజాల కోర్టు చుట్టూ ఎన్నాళ్లు తిరగాలో. నీకు ముగ్గురు పిల్లలు. ఆ అబ్బాయి ఎటూ ఆరు వారాల్లో పొయ్యేవాడే. వాళ్ల దేశపోణ్ణి ఇక్కడ ఎవరూ ఏమీ చెయ్యరు. శిక్షణలో భాగంగా ఆ రోజు లెక్క అతనికి అప్పగించాననీ, అతను ఇరవై రెండని చెబితే నేనూ అదే రాశాననీ చెప్పు. సగం నిజమే గదా."

సగం నిజమే. అతను ఇరవై రెండని రాసిన మాట నిజమే.

ఆ సాయంత్రం గెస్ట్‌హౌసుకు వెళ్లాను. మిగతా ముగ్గురూ డ్యూటీలో ఉన్నారు. అతనొక్కడే మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి కుర్చీ తుడిచి వేశాడు. నేను దారిపొడుగునా కూడబలుక్కున్నదంతా చెప్పాను. నా పిల్లల సంగతి, కోర్టు సంగతి, అతనికి ఏమీ కాదన్న సంగతి. సిగ్గు లేకుండా చెప్పాను.  నేను ముగించాక అతను తన అరచేతుల్లోకి చూసుకున్నాడు.

"నా చెవి విన్నది ఒకటి, నా చెయ్యి రాసింది ఒకటి" అన్నాడు. "నేను రాయకుండా ఉంటే అరగంట ఆగేవాళ్లం. మీరు ఎలా చెప్పమంటే అలా చెబుతాను ఉస్తాద్."

నేను లేవబోతుంటే మళ్లీ అన్నాడు. "ఆమెకు మాత్రం నిజం చెప్పండి. నేను వెళ్లిపోయాకయినా సరే. ఆమె చేతి అన్నం తిన్నాను."

చెబుతానని మాట ఇచ్చాను. అతని చేతిలో చెయ్యి వేసి ఇచ్చాను.

విచారణ గంటలో అయిపోయింది. అతను నేను చెప్పమన్నట్టే చెప్పాడు. శిక్షణలో ఉన్న వ్యక్తి అజాగ్రత్త అని రాశారు. నాకు పర్యవేక్షణలో లోపం ఉందని ఒక హెచ్చరిక కాగితం ఇచ్చారు. క్వారీ శిక్షణ రద్దయింది. ఆ కాగితాల నకలు ఒకటి ఢిల్లీ మీదుగా వాళ్ల దేశానికి వెళ్లింది. అతన్ని సర్టిఫికెట్ లేకుండా వారంలో పంపేశారు.

తప్పు అతనిదేనన్న సంగతి ఊళ్లో పాకడానికి పూటయినా పట్టలేదు. అతను వెళ్లేరోజు దాచేపల్లి బస్టాండులో గుంటూరు బస్సు ఎక్కించడానికి నేనే వెళ్లాను. ఎవరు చెప్పారో, ఆమె వచ్చింది. తల విరబోసుకుని, కొంగు జారిపోతున్నా చూసుకోకుండా వచ్చింది. బస్సు కిటికీ కింద నిలబడి, రోడ్డు మీది మట్టి దోసెడు ఎత్తి అతని మీద పోసింది.

"నా కూడు తిన్నావు గదరా! తమ్ముడని పెట్టాను గదరా! నీ పెళ్లాం నాలాగే కావాల! నీ ఇల్లు నా ఇల్లులాగే కూలాల! నువ్వు చేసిన పని నీకు అన్నం ముద్దలో కనపడాల!"

బస్సులో అందరూ చూస్తున్నారు. అతను మొహం మీది మట్టి తుడుచుకోలేదు. కిటికీ లోంచి నన్ను చూశాడు. కోపంగా చూసి ఉంటే ఎంత బాగుండేది! ఇప్పుడు చెప్పండి అన్నట్టు చూశాడు. మూడడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు. బస్సు వెళ్లిపోయింది. నేను ఆమెను పట్టుకుని ఆపి, ఊరుకోమ్మా ఊరుకో అని ఓదార్చాను. ఆ ఓదార్పు గుర్తొస్తే నామీద నాకే ఉమ్మెయ్యాలనిపిస్తుంది.

ఆమెకు ఫ్యాక్టరీ క్యాంటీనులో ఉద్యోగం ఇచ్చారు. ఆరేళ్లు నేను ఆమె చేతి అన్నమే తిన్నాను. నన్ను "అన్నా" అని పిలిచి, ఒక గరిటె కూర ఎక్కువ వేసేది. ఊరుకోమ్మా అన్న మనిషిని కదా. గిన్నె జారినా, బియ్యంలో రాయి వచ్చినా ఆమె నోట అతనే. "ఆ కొండోడి కడుపు కాల" అనేది. చర్చిలో ప్రార్థనకు మోకరిల్లినప్పుడు కూడా అతన్ని శిక్షించమనే అడుగుతానని పక్కవాళ్లతో చెప్పేది. నేను కంచంలోకి చూస్తూ తినేవాణ్ణి. ఈ నెల చెబుదాం, పండగయ్యాక చెబుదాం, పెద్దపిల్ల చదువయ్యాక చెబుదాం. మనిషికి వాయిదాలు వేయడం ఎవరూ నేర్పక్కర్లేదు.

రెండేళ్లకు అదే ఒప్పందం మీద ఇంకో జట్టు వచ్చింది. ఈసారి క్వారీకి ఎవర్నీ పంపలేదు. లాబొరేటరీలో పని నేర్చుకునే అబ్బాయి ఒకడు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. అతనిది మనవాడి పక్క ఊరేనట. నేను అడక్కుండానే చెప్పాడు. అతన్ని ఫ్యాక్టరీలోకి తీసుకోలేదట. ఊళ్లో తండ్రితో బంగాళాదుంపలు వేసుకుంటున్నాడట. మనిషి ఎవరితోనూ పెద్దగా మాట్లాడడట. క్వారీలో రాయి పేల్చడానికి మళ్లీ ఇక్కణ్ణుంచే ఒక కాంట్రాక్టు మనిషిని పిలిపించుకున్నారట.

"అతని వల్ల ఇక్కడొక మనిషి చనిపోయాడంటారు. నిజమేనా?" అని అడిగాడు.

"భోజనం చేశావా?" అన్నాను నేను.

ఆ అబ్బాయి వెళ్లే ముందు నా డైరీలో అతని చిరునామా రాసి పెట్టాడు. రాస్తే సంతోషిస్తాడు అన్నాడు. నేను రాయలేదు. వేరే దేశానికి ఉత్తరమంటే మాటలా, గుంటూరు పెద్ద పోస్టాఫీసుకు వెళ్లాలి, ఫారాలు నింపాలి, ఎవడైనా పోలీసువాడు వచ్చి ఎందుకు రాశావని అడుగుతాడు అని నాకు నేనే చెప్పుకున్నాను. చెప్పుకుని నమ్మాను కూడా.

రిటైరయ్యే రోజు మధ్యాహ్నం, సన్మానానికి ఇంకో గంట ఉందనగా, క్యాంటీనుకు వెళ్లాను. ఆమె ఒక్కతే గిన్నెలు బోర్లిస్తోంది. నా ఉద్యోగం ఆ సాయంత్రంతో అయిపోతుంది, పోయేది ఇంకేమీ లేదు. అలాంటి రోజు చూసుకుని చెప్పడాన్ని ధైర్యం అనరని నాకు తెలుసు. నిలబడే చెప్పాను. జీపు హారన్ నుంచి బస్టాండు దాకా అంతా చెప్పాను.

ఆమె ఏడవలేదు. చేతిలో గిన్నె అలాగే పట్టుకుని వింది.

"అయితే ఆ బిడ్డ ఇరవై ఒకటనే చెప్పాడా?"

"చెప్పాడమ్మా. రెండుసార్లు చెప్పాడు."

"నువ్వు నా మొగుణ్ణి చంపావు. సరే. కావాలని చంపలా. అది నీకూ దేవుడికీ మధ్యన ఉంటది" అంది. గిన్నె కింద పెట్టింది. "ఏ పాపం ఎరగనోణ్ణి, నా చేతి కూడు తిన్నోణ్ణి, ఆరేళ్లు నాచేత తిట్టించావు గదయ్యా. ఆదివారం ఆదివారం మోకాళ్ల మీద కూకుని ఆణ్ణి నాశనం చెయ్యమని అడిగా. అయ్యన్నీ ఇప్పుడు ఎట్టా ఎనక్కి తీసుకునేది?"

నన్ను "అన్నా" అనలేదు. ఆ తర్వాత ఎప్పుడూ అనలేదు. నేను వెళ్లి సన్మానంలో కూర్చున్నాను. దండ వేశారు, మచ్చలేని సర్వీసు అన్నారు.

వారానికి ఆమె మా ఇంటికి వచ్చింది. కొంగులోంచి ఒక తెల్లకాగితం, ఒక కవరు తీసి నా ముందు పెట్టింది. "ఆ బిడ్డకి రాయి. ఆడికి తెలిసే బాసలో రాయి" అని గడప దగ్గర నేల మీద కూర్చుంది. మా ఆవిడ చాప వేసినా జరగలేదు. ఆమె చెప్పింది, నేను హిందీలో రాశాను. నాయనా, నీ మీద మట్టి పోసినదాన్ని. నాకు తెలియక పోశాను. నీకూ నీ పెళ్లాంబిడ్డలకూ నేను పెట్టిన శాపనార్థాలు తగలకూడదని రోజూ ప్రార్థన చేస్తున్నాను. నీకు ఏమైనా చెడు జరిగి ఉంటే ఆ పాపం నాది. ఇటు వస్తే మా ఇంటికి రా, పచ్చడి చేసి పెడతాను.

చదివి వినిపించమంది. తెలుగులో చెబుతూ చదివాను. అంతా విని, "నీ ముక్క ఏదీ?" అంది.

"నాదా?"

"నాచేత రాయించి నువ్వు తప్పుకుంటావా? నీ ముక్క నువ్వు రాయి."

కింద రాశాను. ఆ రోజు పేలినవి ఇరవై ఒకటి. నీ లెక్కే నిజం. నా లెక్క పోయింది, ఆ మాట దాచాను. ఆమెకు ఇప్పుడు చెప్పాను. అది కూడా చదివించుకుని, వేలిముద్ర వేసి, పక్కన నన్ను సంతకం చెయ్యమంది. చేశాను.

ఆ పూటే ఆ కవరు పట్టుకుని దాచేపల్లి పోస్టాఫీసుకు వెళ్లాను. గుంటూరు వెళ్లాలా, ఫారాలు ఎక్కడ దొరుకుతాయి అని గుమస్తాను అడిగాను. అతను చిరునామా చూసి కవరు నాకే తిరిగి ఇచ్చాడు.

"ఫారాలెందుకు సాయిబుగారూ? భూటానే గదా. ఆళ్లకీ మనకీ ఒప్పందం ఉంది. మన కవరే పోద్ది. ఇక్కణ్ణించి గుంటూరుకి ఏ టికెట్టో, ఆ దేశానికీ అదే టికెట్టు. ఎప్పటి నించో అంతేగా!"

ఆ కవరును పోస్టాఫీసు బయటి ఎర్రడబ్బాలో వేశాను. జవాబు రాలేదు. ఆమె రెండేళ్లపాటు నేను కనిపించినప్పుడల్లా ఉత్తరం వచ్చిందా అని అడిగింది. తర్వాత అడగడం మానేసింది.